మూతలో ఉప్పు

పొద్దున పెరటి తలుపు తీసేసరికి ఆకాశం బూడిద రంగులో ఉంది. మబ్బు పట్టిందో, రాత్రి గాలికి లేచిన దుమ్మే ఇంకా కిందికి దిగలేదో, చూసి చెప్పేలా లేదు. భర్త కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఆగి, తల పైకెత్తి గాలి పీల్చి, "ఎక్కడో నాలుగు చినుకులు పడ్డట్టున్నాయి. మట్టి వాసన వస్తోంది," అన్నాడు. "అవును, వస్తోంది," అంది ఆమె బకెట్టు అందుకుంటూ. అన్నాక ఆ బకెట్టు అలాగే పట్టుకుని నిలబడింది. వస్తోందా? చెంపకు కాస్త చల్లగా తగిలింది, అంతే. తడిసిన మట్టి ఎలా ఉంటుందో ఆమెకు గుర్తుంది, చిన్నప్పుడు గోడ గీకి నోట్లో వేసుకున్న మట్టితో సహా గుర్తుంది, కానీ ఆ గుర్తు తలలో ఎక్కడో ఉంది తప్ప ముక్కులోకి దిగి రాదు. చలికాలం చివర్లో పట్టిన జ్వరం మందులకు తగ్గింది గానీ, పోతూ పోతూ వాసననూ రుచినీ మూటగట్టుకుని పోయింది. నెలలు గడిచాయి. సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియనివ్వకుండా ఇంతమందికి రెండు పూటలా వండి పెడుతోంది.

పొద్దెక్కాక వానా లేదు, చినుకూ లేదు. ఆ బూడిద రంగే కాలి కాలి తెల్లబడి ఇంటి మీద బోర్లించిన గిన్నెలా కూర్చుంది. ఎండలు మండిపోతున్నాయని కలప కోసే సామిల్లు మధ్యాహ్నాలు మూసేస్తున్నారు, కాబట్టి భర్త ఇంట్లోనే ఉన్నాడు. టైలరింగు షాపుకు సెలవు పెట్టి తోడికోడలు చిన్నది ఇంట్లోనే ఉంది, ఎందుకంటే లారీ మీద తిరిగే మొగుడు ఇవాళ వస్తున్నాడు. అత్త ఎప్పుడూ ఉంటుంది. రోజూ అయితే ఒకరిది డబ్బా అన్నం, ఇంకొకరిది ఆదరాబాదరా తిండి, ఎలా ఉన్నా పనిలో పడి మింగేస్తారు. ఇవాళ అందరూ ఒకచోట కూర్చుని తీరిగ్గా తింటారు. తీరిక ఉన్న నాలుక ఊరుకోదు. ఆమె వంటింట్లో పొయ్యి ముందు నిలబడి, గిన్నెలో కుతకుతలాడుతున్న వంకాయ టమాటా కూరను చూస్తూ, చాలాసేపటి నుంచి ఒకే సంగతి ఆలోచిస్తోంది. ఇందులో ఉప్పు వేశానా?

వేసే ఉంటుంది. ఇన్నేళ్ల చెయ్యి, వెయ్యకుండా ఎలా ఉంటుంది. ఉల్లిపాయలు నూనెలో పడినప్పుడు వాన మొదలైనట్టు వినిపించింది, తర్వాత ఆ చప్పుడు సన్నగిల్లి గుసగుసల్లోకి దిగింది, అప్పుడు వంకాయ ముక్కలు వేసింది. అది బాగా గుర్తుంది. వంకాయలు నీళ్లలోంచి తీస్తుంటే చేతికి చల్లగా, నున్నగా, పసివాడి మోకాళ్లలా ఉన్నాయి. చెయ్యి పెడితే చాలు ఏది లేతదో ఏది ముదురో తెలిసిపోతోంది. జ్వరం ముందు వేళ్లు ఇంత తెలివైనవని ఆమెకు తెలియనే తెలియదు. టమాటాలు పగిలేదాకా పండినవి, తొడిమ దగ్గర వేలు పెడితే తోలు తనంతట తనే ఊడి వచ్చింది. ఈ వేసవిలో ఆమెకు వంట అంటే చప్పుళ్లూ రంగులూ తడీ మాత్రమే. దోసకాయ విరిస్తే వచ్చే చిటుక్కు. అన్నం ఎసరు తెర్లేటప్పుడు ఒక మాట, ఇంకిపోయేటప్పుడు ఒక మాట. కూర అడుగంటబోతుందంటే ముందుగా దాని గొంతు బొంగురుపోతుంది. ఒక్కోసారి అనిపిస్తుంది, ఇంతకు ముందెప్పుడూ ఇంత ఇష్టంగా వండలేదేమోనని. ఒక్కోసారి అదేమీ కాదు, చీకట్లో గోడ పట్టుకుని నడిచేవాడికి గోడ మీద ప్రేమ పుట్టినట్టు, ఇదీ అంతేనేమో అనిపిస్తుంది. ఏది నిజమో తెలియదు.

ఒక్క ఉప్పే మాట్లాడదు. చప్పుడు లేదు, రంగు లేదు, పడ్డాక కనపడదు. అందుకే దానికొక ఉపాయం పెట్టుకుంది. పాత టీపొడి డబ్బా పోయింది గానీ దాని మూత మిగిలింది, చిన్నది, అరచేతిలో పట్టేంత. వంట మొదలుపెట్టగానే ఆ మూత నిండా ఉప్పు తీసి, చిటికెనవేలి పక్కతో గీసి సమం చేసి, పొయ్యి పక్కన గట్టు మీద పెడుతుంది. వేలు గీసిన గాడి దాని మీద అలాగే ఉంటుంది. కూరలో వేశాక మూత ఖాళీ. మూతలో ఉప్పుంటే వెయ్యలేదు, లేకపోతే వేసింది. చిన్నపిల్లకు కూడా తెలిసే లెక్క. నెలల తరబడి ఒక్కనాడు తప్పలేదు. ఎవరైనా వస్తే మూత మీద గరిటె అడ్డం పెట్టేది. ఎందుకంటే కొలిచి వండేవాళ్లు ఈ ఇంట్లో లేరు. చూపుతో వెయ్యాలి, చేత్తో వెయ్యాలి, అత్త అలాగే వేసేది, ఆమె అలాగే నేర్చుకుంది. గిన్నె మీదికి వంగి ఒక్కసారి ఊపిరి పీలిస్తే ఉప్పు తక్కువో సరిపోయిందో చెప్పేసేది. ఉప్పుకు వాసన ఉందా అని ఎవరైనా నవ్వితే నవ్వనీ, ఆమెకు వచ్చేది.

ఇవాళ మూత తీసిందా? తీసింది. నింపిందా? అక్కడే వస్తోంది చిక్కు. డబ్బాలో చెయ్యి పెట్టిన గుర్తుంది, ఉప్పురవ్వలు గోటి కింద గుచ్చుకున్న గుర్తుంది, అయితే అది ఇవాళ్టి గుర్తా, నిన్నటిదా, మొన్నటిదా. రోజూ చేసే పనికి ఇదొక శాపం, అన్ని రోజులూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే రోజైపోతాయి. ఇందాక ఆ పనిలో ఉండగానే వీధిలో కూరల బండి ఆగింది.

"ఏమ్మాయ్, పిలిస్తే పలకవు, లోపల ఏం దాచిపెడుతున్నావు?" అంది కూరల పిన్ని. ఆ మాట ఆవిడ అందరితోనూ అంటుంది, అయినా ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏం దాచాలి పిన్నీ, పొయ్యి మీద కూరుంది," అంది. "మొన్నటి దోసకాయలు వాడిపోయి ఉన్నాయి." "వాడిపోతే నా మొహంలా ఉంటాయి. ఇవి చూడు, నీ మొహంలా ఉన్నాయి. ఏటి ఒడ్డు పాదువి, తెల్లవారుజామున కోసినవి. ఇంద, కొరికి చూడు. చేదు తగిలితే తెచ్చి నా నెత్తిన కొట్టు." కత్తితో తెగ్గోసి చేతిలో పెట్టింది. ఆమె కొరికింది. పళ్ల కింద కరకరమంది, చల్లటి నీళ్లు నోరంతా పరుచుకున్నాయి. చేదా? ఏమో. నీళ్లు, నీళ్లు, నీళ్లు. "తియ్యగా ఉంది," అంది. కూరల పిన్ని తూకం మానేసి ఆమె మొహంలోకి చూసింది. "దోసకాయ తియ్యగా ఉండటమేంటే? ఎండ గాని కొట్టిందా?" అని తనే నవ్వి, పక్కింటి వైపు బండి తోసుకుంటూ పోయింది. ఆమె కాయలు ఒడిలో వేసుకుని, దొంగకు తేలు కుట్టినట్టు మాట్లాడకుండా లోపలికొచ్చింది. వచ్చేసరికి గట్టంతా శుభ్రంగా తుడిచి ఉంది. గిన్నెలు, గరిటెలు, ఉల్లిపాయ తరిగిన పీట, అన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. వాటి మధ్య టీపొడి డబ్బా మూత కూడా, బోర్లా, నీళ్లోడుతూ.

చిన్నది కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వింది. "అన్నీ కడిగేశానక్కా. నువ్వు వచ్చేలోపు అవ్వాలని గబగబా కానిచ్చా."

"మంచి పని చేశావు," అంది ఆమె. గొంతు మామూలుగానే వచ్చింది. "ఆ మూతలో... ఏమైనా ఉందా?"

"ఏ మూతక్కా?"

"ఏదో మూత."

"ఏమోనక్కా, అన్నీ ఒకేసారి నీళ్లలో పడేశా. ఏం, ఏమైనా దాచుకున్నావా అందులో, ముక్కుపుడకా?"

"ఆఁ, నా ముక్కుపుడక," అంది ఆమె. చిన్నది పకపకా నవ్వుతూ ముందు గదిలోకి వెళ్లింది. మంచి పిల్ల. మంచి పిల్ల కాబట్టే భయం. జ్వరం తగ్గిన కొత్తలో ఒకరోజు కూర మాడి బొగ్గయింది, పొగ కళ్లకు తగిలేదాకా ఆమెకు తెలియలేదు, ముందు గదిలోంచి అత్త కేకేస్తే గిన్నె దించింది. ఏదో పరధ్యానం అని చెప్పింది. అప్పుడే చిన్నది దగ్గరికొచ్చి, "అక్కా, నీకింకా నీరసం తగ్గలేదు. ఈ వేసవికి వంట నాకు వదిలెయ్. హాయిగా కూర్చో," అంది. హాయిగా కూర్చో. సామిల్లులో రంపం మీద పనిచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడట, భర్త చెప్పాడు. చూపు మందగిస్తే యజమాని ఆయన్ని పంపెయ్యలేదు, గేటు దగ్గర కుర్చీ వేయించాడు, టీ ఇప్పిస్తాడు, అందరూ పలకరిస్తారు. ఆయనకే లోటూ లేదు. కాకపోతే లోపల రంపం ఆగినప్పుడల్లా తల తిప్పి చూస్తాడట, ఎందుకాగిందో ఎవరైనా వచ్చి చెబుతారేమోనని. ఎవరూ చెప్పరు. కుర్చీ ఎంత మెత్తగా ఉంటే మాత్రం ఏం లాభం. ఈ ఇంట్లో ఆమె చదువు చెప్పేది కాదు, సంపాదించేది కాదు, కుట్టేది కాదు. మెతుకు పట్టి అన్నం సంగతి చెప్పేది. అది పోతే ఆమె ఎవరు?

డబ్బా తెరిచి చూసింది. సగానికి కాస్త పైగా ఉంది ఉప్పు. నిన్న ఎంత ఉంది? ఎవరు చూశారు. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది, పాత అలవాటు, వెంటనే తీసేసింది. వంకాయకు ఉప్పు తగిలితే నీరు వదులుతుంది, గిన్నెలో నీరుంది, కానీ అది టమాటాల నీరేమో. ముక్క గరిటెతో నొక్కితే మెత్తగా దిగింది. ఉప్పుకు మెత్తబడిందా, మంటకు మెత్తబడిందా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు వేస్తే, ముందే వేసి ఉంటే, నోట పెట్టలేరు. వెయ్యకపోతే, ముందూ వెయ్యకపోయి ఉంటే, చప్పటి కూర. తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీసెయ్యలేం అంటారు. కానీ ఆ మాట వేరే ఇళ్లకు. ఈ ఇంట్లో కంచాల దగ్గరికి ఉప్పు రాదు.

అది అత్త పెట్టిన కట్టు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, ఆమె మొట్టమొదట వండిన రోజున, భర్త మేనమామ భోజనానికి వచ్చాడు. రెండు ముద్దలు తిని, "కాస్త ఉప్పు పట్రామ్మా," అన్నాడు. ఆమె తలుపు చాటున నిలువునా నీరైపోయింది. అత్త చెయ్యి కడగకుండానే అన్నయ్య వైపు తిరిగి, "మా ఇంట్లో ఉప్పు పొయ్యి దగ్గరే ఉంటుంది, కంచం దగ్గర ఉండదు. వండిన మనిషి ఎదురుగా ఉప్పడగటం ఆ మనిషి మొహాన కొట్టడమే," అంది. ఆయన ఉప్పూ కారం తినే మనిషే, ఆ పూటకు మాత్రం కిక్కురుమనకుండా ఆ చప్పిడి తిని లేచాడు. అందరూ వెళ్లాక అత్త వంటింట్లోకి వచ్చి, ఆమె వైపు చూడకుండా గిన్నె మూత సర్దుతూ, "రేపు ఇంకో చిటికెడు వెయ్యి," అంది. అంతే. అప్పటి నుంచి అదే కట్టు. వండేవాళ్లు ముందుగా నాలుక మీద వేసుకోకూడదు, తినేవాళ్లు ఉప్పడగకూడదు. మధ్యలో అంతా చేతి మీద నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆమె ఇన్నేళ్లు నిలబడింది, ఇప్పుడు ఆ నమ్మకమే మెడ మీద కత్తిలా ఉంది.

ఉన్నట్టుండి, ఏమనుకుందో ఏమో, గరిటె కొసన చుక్క తీసి నాలుక మీద వేసుకుంది. చుర్రుమంది. వేడి, అంతే, వేడికి అవతల ఏమీ లేదు, తలుపు తీస్తే గోడ ఉన్నట్టు. ఆ గోడనే చూస్తూ ఉండగా వెనక అలికిడైంది. అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"కాలిందా?" అంది అత్త.

"లేదత్తా, ఆవిరి తగిలింది."

"ఊఁ," అంది అత్త. "నీళ్లు తాగుదామని వచ్చా." కుండలోంచి ముంచుకుని, నిలబడి, నెమ్మదిగా తాగింది. తాగుతున్నంతసేపూ ఆవిడ కళ్లు గట్టు మీద ఉన్నాయో, బోర్లించిన గిన్నెల మీద ఉన్నాయో, ఊరికే అలా ఎక్కడో ఉన్నాయో ఆమెకు అర్థం కాలేదు. చూసిందా? కట్టు తప్పడం చూస్తే ఊరుకునే మనిషి కాదు. చూడలేదు. లేక చూసి దాచుకుందా, నలుగురి ముందు అడగాలని. అత్త గ్లాసు కడిగి బోర్లించి, కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆమె దోసకాయలు చక్రాల్లా కోసి పెరుగులో వేసింది. తెల్లటి పెరుగులో లేతాకుపచ్చ వలయాలు, చూడటానికి ఎంత బాగున్నాయో, చల్లగా మునివేళ్లకు తగిలాయి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మ ఇలాగే పెట్టేది, ఆ రుచి, ఆ రుచి ఏమిటి, పుల్లగానా, కాదు, ఇంకేదో ఉండేది, పాదు మీది ఎండ రుచి లాంటిది. తలుచుకుంటూ పోతే వచ్చేలాగే ఉంటుంది, చెయ్యి చాపితే జారిపోతుంది. అమ్మ మొహం గుర్తొస్తోంది, గాజుల చప్పుడు గుర్తొస్తోంది, గిన్నె అంచు సొట్ట గుర్తొస్తోంది, ఆ ఒక్కటి తప్ప అన్నీ వస్తున్నాయి. దీనికి వెయ్యాల్సిన చిటికెడు ఉప్పు మాత్రం కళ్లారా చూస్తూ, పైకే లెక్క పెడుతున్నట్టు, వేసింది.

వీధిలో లారీ హారను మోగింది. మరిది వచ్చాడు. చంకలో పెద్ద పుచ్చకాయ, నోట్లో మాట, రెండూ గుమ్మం దాటకముందే లోపలికొచ్చాయి. "వదినా, ఆకలి ఎలా ఉందంటే ముందు నిన్నే తినేలా ఉన్నా. దారి పొడుగునా హోటల్ తిండి, కూరో కడిగిన నీళ్లో తెలియదు. నీ చేతి వంట తలుచుకుంటూ బండి నడిపా, రెండుసార్లు బ్రేకు మర్చిపోయా." పుచ్చకాయ మీద తడిగుడ్డ కప్పమని ఇచ్చాడు. ఆమె గుడ్డ తడిపి కప్పింది, అరచేత్తో తట్టింది, లోపల నిండుగా మోగింది. నీ చేతి వంట. నా చేతి వంట. ఈ చెయ్యేనా? చెంచా నిండా ఉప్పు తీసి గిన్నె మీద పట్టుకుంది. వేసేద్దాం. వద్దు. సగం వేద్దాం, సగం ఏ లెక్కకు సరిపోతుంది, వేసి ఉంటే ఎక్కువ, వెయ్యకపోతే తక్కువ, రెండు తప్పులకూ మధ్య కూర్చోబెట్టినట్టు. భర్తను పిలిచి చెవిలో అడిగితే? ఆయన అబద్ధం ఆడలేడు, మొహంలోనే కనబడిపోతుంది. ముందు గదిలో కంచాలు వేస్తున్న చప్పుడు. "అక్కా, తెచ్చేదా?" అంటోంది చిన్నది. చెంచాలోని ఉప్పు తిరిగి డబ్బాలోకి జారింది. వంచిందా, జారిందా, అది కూడా ఆమెకు తెలియలేదు.

అందరూ కింద కూర్చున్నారు. కిటికీలకు తడిపిన దుప్పట్లు కట్టడంతో గదంతా నీటి అడుగున ఉన్నట్టు మసగ్గా, చల్లగా ఉంది. ఆమె వడ్డించి, తనూ కంచం పెట్టుకుని చివర కూర్చుంది. అత్త మొదటి ముద్ద తీసుకున్నాకే మిగతావాళ్లు తినాలి. అత్త కలిపింది, నోట్లో పెట్టుకుంది, నమిలింది. ఆ మొహంలో ఏమీ కనబడలేదు. మరిది దారిలో టైరు పేలిన కథ చెబుతూనే ముద్ద పెట్టుకున్నాడు. ముద్ద నోట్లో ఉండగా కూడా మాట్లాడే మనిషి, కథ జాకీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఆగిన కథ మళ్లీ కదల్లేదు. భర్త దవడ నెమ్మదించింది, కంచంలోకి చూశాడు, ఇంకో ముద్ద కలిపాడు. చిన్నది మొగుడి వైపు ఒక చూపు చూసి, తల వంచుకుని నీళ్లు తాగింది. ఆమె కూడా తింది. మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది. వాళ్ల మొహాలు చదివితే తెలిసిపోయింది. ఉప్పు మూతలోనే ఉండిపోయింది. ఆ ఉప్పు గిన్నెలు కడిగిన నీళ్లలో కలిసిపోయింది.

అత్త మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. భోజనం మధ్యలో ఆవిడ లేవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. వంటింట్లోకి వెళ్లింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది, కాసేపు ఏమీ వినిపించలేదు, మళ్లీ డబ్బా మూసిన చప్పుడు. ఆమె కంచంలో వేళ్లు కదలకుండా కూర్చుంది. ఇప్పుడు అంటుంది. నలుగురిలో అంటుంది. లేక అనదు, ఆ అనకపోవడమే ఎక్కువవుతుంది. అత్త వచ్చి తన చోట కూర్చుని, అరచేతిలోది తీసి అందరి మధ్యా పెట్టింది. టీపొడి డబ్బా మూత. నిండా ఉప్పు, పైన చిటికెనవేలి పక్కతో గీసిన గాడి.

ఆ గాడినే చూస్తూ ఉండిపోయింది ఆమె. ఎప్పటి నుంచి? కూర మాడిన రోజు నుంచా, జ్వరం నుంచా, ఎన్నిసార్లు నీళ్లు తాగడానికని వచ్చిందో ఇన్నాళ్లూ. అత్త మూతలోంచి ఒక చిటికెడు తీసింది. తన కంచంలో వేసుకోలేదు. చెయ్యి చాపి పెద్దకోడలి అన్నం అంచున పెట్టింది. తర్వాత తన కంచంలో వేసుకుని, మూతను కొడుకు వైపు జరిపింది. భర్త తీసుకున్నాడు, మరిది తీసుకున్నాడు, చిన్నది కళ్లు తుడుచుకుని తీసుకుంది.

ఆమె కలుపుకుంది. ఒక ఉప్పురవ్వ కరగకుండా మిగిలి పళ్ల మధ్య చిటుక్కుమని, నాలుక మీద కరిగింది. ఏదో తెలిసింది. అది రుచో, రుచి గుర్తో, ఊరికే ఉప్పని తెలిసి ఉండటమో చెప్పలేకపోయింది. దాన్ని అలాగే ఉంచుకుని నెమ్మదిగా నమిలింది. కిటికీ దగ్గర తడి దుప్పటి గాలికి ఒకసారి లోపలికి ఉబ్బింది. భర్త తల ఎత్తి గాలి పీల్చాడు, ఆమె వైపు చూశాడు, మట్టి వాసన సంగతి ఎత్తలేదు. అత్త కూరగిన్నె దగ్గరికి లాక్కుని రెండోసారి వడ్డించుకుంది.